ఏడుగురు తాతలూ ఒక జీతమూ

బిష్కెక్,
సెప్టెంబరు ఆఖరి వారం

జిపార్ వదినకి, నీ మరదలు అనీపా సలాం.

ఇమాష్ వ్యాన్‌లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందనుకో. అయినా క్షేమంగానే దిగాను. ఇల్లు దొరికింది, పని దొరికింది. తపాలా ఆఫీసు ఫోన్‌లో చెబితే నీకన్నా ముందు ఊరంతా వింటుందని ఉత్తరం రాసి ఇమాష్ చేతికే ఇస్తున్నాను. కవరు గట్టిగా అంటించాను, విప్పితే తెలిసిపోతుందని వాడితో ఓ మాట అను.

ఇంట్లో పెత్తనం ఉల్కాన్ అనే పెద్దావిడది. కొడుకు ఉలాన్ నెలలో సగం రోజులు గనిలో ఉంటాడు. కోడలు మీరిమ్‌కి బ్యాంకులో ఉద్యోగం. పిల్లలిద్దరు. బెక్తూర్‌కి అయిదేళ్ళు. చోల్పోన్ ఇంకా పాకుతోంది, బొద్దుగా పిండిముద్దలా ఉంటుంది. పెద్దావిడకి మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

నన్ను కూర్చోబెట్టి, టీ పోసి, మొదటి గుక్క మింగకముందే అడిగింది. "ఎవరి పిల్లవమ్మా? ఏ తెగ? ఏడుగురు తాతల పేర్లూ చెప్పు చూద్దాం."

బయల్దేరేటప్పుడు నువ్వు చెవిలో చెప్పిన మాట గుర్తొచ్చింది. "జీతం తేలేదాకా తెగ చెప్పకు. బిష్కెక్‌లో ఎక్కడ చూసినా మీ చెరిక్ వాళ్ళే. ఒకే తెగ అని తేలిందా, జీతం పోయి చుట్టరికం మిగులుతుంది" అన్నావు. అందుకని మా నాన్న వైపు వాళ్ళని పక్కన పెట్టి, మా అమ్మ పుట్టింటి తాతల పేర్లు ఏడూ గడగడా చెప్పేశాను. చిన్నప్పుడు అమ్మవాళ్ళ నాన్న నేర్పించినవేలే. అబద్ధం అనడానికి లేదు, అదీ నా రక్తమేగా! కానీ ఆ పేర్లు చెబుతున్నంతసేపూ మా నాన్న నా వెనక నిలబడి దగ్గుతున్నట్టే అనిపించింది.

"ఓహో, సయాక్ వాళ్ళా. మేం చెరిక్ వాళ్ళం" అందావిడ. నా గుండె జారి టీ గిన్నెలో పడింది. "సరే, చుట్టాలం కాదు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. ఎంత కావాలి?"

నువ్వు చెప్పమన్నంతా చెప్పాను. ఆవిడ కాస్త తగ్గించింది, నేను కాస్త పెంచాను. చివరికి నెలకి మూడున్నర వేల సోములు, తిండీ పడకా వాళ్ళ దగ్గరే, ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. మన బడి పంతులమ్మకి రెండు నెలల్లో వచ్చేదానికన్నా ఎక్కువ వదినా!

వడ్రంగి సాగిన్ మామకి చెప్పు, మార్చిలో నోరుజ్ పండగ నాటికి డబ్బంతా కట్టేస్తానని. పచ్చికలో వేసుకునే ఉన్ని ఇంటికి కర్రల చట్రం చెక్కడం మొదలుపెట్టమను. మీ తమ్ముడి మందులకి అమ్మేసిన ఇల్లు మళ్ళీ నిలబడాలి. గోడకి ఒంటరిగా వేలాడుతున్న ఆ పైకప్పు చక్రాన్ని చూసినప్పుడల్లా నాకు మా ఆయన తాలాయే గుర్తొస్తాడు. ఇంకొకరి ఇంట్లో వెనక గదిలో ఎన్నాళ్ళుంటాం మనిద్దరం?

నీ మరదలు
అనీపా


కొచ్కోర్ దగ్గర మన ఊరు,
అక్టోబరు

అనీపాకి,

శభాష్! నా శిష్యురాలివి అనిపించుకున్నావు. ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో పడేశాను. ఇమాష్ గాడు కవరు విప్పలేదు గానీ దీపానికి అడ్డం పెట్టి చూశాడట, సిగ్గులేని వెధవ, వాడే చెప్పాడు.

అల్మాతీలో పద్నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడిచినదాన్ని. నా మాట విను. ఆయా జీతం పిల్లల్ని బట్టి ఉంటుందని పిచ్చివాళ్ళు అనుకుంటారు. అదీ ఉంది, కాదనను. ఒకరికన్నా ఇద్దరికి ఎక్కువ, నడిచే పిల్లకన్నా చంటిదానికి ఎక్కువ, రాత్రి నీ పక్కలోనే పడుకుంటే ఇంకా ఎక్కువ. కానీ అసలు సంగతి వేరు. ఆ తల్లికి తన తల్లి దగ్గర్లో ఉందా? ఉంటే నీ పని అయిపోయినట్టే, ఊరికే వచ్చే అమ్మమ్మతో ఎవరు పోటీ పడగలరు! తల్లి ఉద్యోగం పెద్దదైతే నీ జీతమూ పెరుగుతుంది. ఎదురింటి ఆయాకి ఎంత ఇస్తున్నారో తెలిసిందంటే ఇంకా పెరుగుతుంది. నీకు డబ్బు ఎంత అవసరమో వాళ్ళు పసిగట్టారా, అక్కడే ఆగిపోతుంది. ఉన్ని ఇంటి మాట ఆ ఇంట్లో ఎత్తావంటే ఊరుకోను.

అన్నిటికన్నా పెద్ద గండం చుట్టరికం. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని ఊరికే అన్నారా? అల్మాతీలో మొదటి ఇంట్లో నన్ను 'మా అమ్మాయి' అన్నారు. నేను కరిగిపోయాను. ఆ ఏడంతా పిల్లలతో పాటు వాళ్ళ మామలకీ మేనమామలకీ వండి వార్చాను. నెలాఖరుకి జీతం అడిగితే పాత కోటు ఇచ్చి, 'నీకు బాగా నప్పింది' అన్నారు. ఆ కోటు ఇప్పుడు మన కుక్కకి పక్క.

సాగిన్ మామ కట్టె ఎండబెడుతున్నాడు. సరస్సు దగ్గర హోటలు పెట్టినాయన ఎవరో వచ్చి ఇదే చట్రానికి రెండింతలు ఇస్తానన్నాడట. 'నోరుజ్ దాకా అనీపా మాట మీద నిలబడతాను, ఆ తర్వాత నాకూ పిల్లలున్నారు' అన్నాడు మామ. తప్పు పట్టలేం.

సయాక్ దానివి సయాక్ దానిలాగే ఉండు.

జిపార్


బిష్కెక్,
డిసెంబరు

జిపార్ వదినకి,

నెల నెలా డబ్బు ఇమాష్ చేత అందుతోంది కదా. ఒక్క సోము తగ్గినా వాడి మీసం పట్టుకుని అడుగు.

ఇక్కడ నాకు బాగుంది వదినా. చెప్పడానికి భయంగా ఉంది గానీ నిజంగానే బాగుంది. చోల్పోన్ నా కాళ్ళు పట్టుకుని లేచి నిలబడుతోంది. నేను పిండి పిసుకుతుంటే వెనక నుంచి నా గౌను పట్టుకుని ఊగుతుంది. బెక్తూర్ నన్ను 'ఆయమ్మా' అని పిలుస్తాడు, ఉదయం కళ్ళు తెరవగానే నా గదికొచ్చి దుప్పట్లో దూరతాడు. తాలాయ్ పోయాక ఇంత వెచ్చగా నిద్రపోయింది లేదు.

పక్కింటి రష్యన్ ఆయా గాల్యా నాతో స్నేహంగా ఉంటుంది. ఆమెకి నాకన్నా వెయ్యి ఎక్కువ. ఎందుకని అడిగాను. "రష్యన్ మాట్లాడతానుగా! పైగా వంటింట్లో అడుగుపెట్టను. పిల్లలకి ఆయానా, అతిథులకి వంటమనిషినా అని మొదటి రోజే తేల్చేశాను" అంది. మా ఇంట్లో శుక్రవారం శుక్రవారం పాతికమంది భోజనానికి దిగుతారు, గిన్నెలన్నీ నావే. ఇది విని నువ్వు పళ్ళు కొరుకుతావని తెలుసు.

కానీ నాకు కిర్గిజ్ బాగా వచ్చని పెద్దమ్మకి మహా ఇష్టం. అవును, ఆవిణ్ణి పెద్దమ్మా అనే పిలుస్తున్నాను. "ఈ ఊళ్ళో పిల్లలు అమ్మని కూడా రష్యన్‌లో పిలుస్తున్నారు. నువ్వు వచ్చాక మావాడి నోట మన మాట వినబడుతోంది" అని కొత్త సంవత్సరం నుంచి మూడొందలు పెంచింది. రష్యన్ రాకపోతే తగ్గే జీతం మన మాట వస్తే పెరుగుతుందని నువ్వు చెప్పలేదేం?

అసలు కబురు ఇప్పుడు చెబుతున్నాను, కూర్చో. బెక్తూర్‌కి ఏడుగురు తాతల పేర్లు నేర్పమని పెద్దమ్మ నాకే అప్పజెప్పింది. ఆవిడ చెబుతుంటే నేను వింటున్నాను. వాళ్ళ నాన్నతో మొదలుపెట్టి ఉలాన్, జుమాష్, ఓస్మోన్, కెరిమ్... అయిదో పేరు బోరుబాయ్.

వదినా, బోరుబాయ్ మా నాన్నకి ముత్తాత! ఆ పైనున్న పేర్లూ నావే. ఈ ఇంటాయన ఉలాన్ నాకు తమ్ముడి వరస. నేను పెద్దమ్మా పెద్దమ్మా అంటున్న ఆ పెద్దావిడ వరసకి నిజంగానే పెద్దమ్మ. నేను ఎత్తుకుని తిరుగుతున్నది నా మేనగోడల్ని!

రాత్రంతా నిద్ర పట్టలేదు. పోనీ, చెప్పేయనా?

అనీపా


మన ఊరు,
డిసెంబరు, మంచు మోకాలి లోతు

అనీపాకి,

చెప్పావంటే చంపుతాను.

ఎంతమందికి ఈ అదృష్టం? మేనగోడల్ని ముద్దు చేసుకుంటూ జీతం తీసుకుంటున్నావు. దేవుడు రెండు చేతులా ఇస్తుంటే ఒక చెయ్యి వెనక్కి నెట్టకు. నోరుజ్ దాటనీ, చట్రానికి ఆఖరి కంతు కట్టనీ, ఆ తర్వాత ఏడుగురు కాదు, పద్నాలుగు మంది తాతల్ని చెప్పుకో.

చట్రం కర్రలు ఆవిరి పట్టి వంచుతున్నారు. నిన్న వెళ్ళి చూశాను. నాన్న కట్టించిన ఇంటికి ఎన్ని ఉండేవో అన్నే పెట్టమన్నాను, ఒకటి తక్కువైనా ఒప్పుకోనన్నాను. చక్రాన్ని గోడ మీంచి దింపి నూనె రాశాను. తాలాయ్ చిన్నప్పుడు దాని కింద పడుకుని చుక్కలు లెక్కపెట్టేవాడు, ఎప్పుడూ పన్నెండు దాటేవాడు కాదు మొద్దు. రాస్తూ రాస్తూ కాసేపు ఏడ్చాను. ఇది ఎవరితోనూ అనకు.

ఆ శుక్రవారం గిన్నెల సంగతి: అడగందే అమ్మయినా పెట్టదు. గాల్యాకి నోరుంది, నీకు లేదు. తేడా అంతే.

జిపార్


బిష్కెక్,
ఫిబ్రవరి

జిపార్ వదినకి,

ఎలా రాయాలో తెలియడం లేదు. నవ్వకు. కోప్పడకు కూడా.

జుమాష్ పెదనాన్న (పెద్దమ్మ భర్త, పోయి చాలా కాలమైంది) వాళ్ళ బాబాయ్ కొడుకు సదిర్‌బెక్ అని ఒకాయనున్నాడు. సొంత లారీ ఉంది. పెళ్ళాం పోయి నాలుగేళ్ళు. మంచివాడే, ఒకరి జోలికి పోడు. శుక్రవారాలు వచ్చి నేను పిండి నూనెలో వేయించి చేసిన బోర్సోక్‌లు జేబులో కూడా వేసుకుని వెళతాడు. నూనె మరకలు పడిన ఆ కోటు చూసి జాలిపడి ఒకసారి ఉతికిచ్చాను. అదే నా కొంప ముంచింది.

మొన్న పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. "అనీపా, నువ్వు సయాక్ పిల్లవి, మేం చెరిక్. ఏ అడ్డూ లేదు. నిన్ను బయటికి పోనివ్వడం నాకిష్టం లేదు. మా సదిర్‌బెక్‌ని చేసుకో. ఈ ఇంట్లో దానివే అయిపోతావు" అంది. కళ్ళనిండా ప్రేమ. నేను తల దించుకున్నాను, ఆవిడ దాన్ని సిగ్గు అనుకుంది.

మీరిమ్ మాత్రం గడుసుది. వంటింట్లోకి వచ్చి మెల్లిగా అంది, "అక్కా, చేసుకుంటే చేసుకో గానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇంటి కోడలికి జీతం ఉండదు. నన్ను చూడు."

నా పరిస్థితి చూశావా? నిజం చెబితే వాళ్ళింటి ఆడపిల్లనవుతాను, జీతం పోతుంది. చెప్పకపోతే కోడల్నవుతాను, అప్పుడూ జీతం పోతుంది. అన్నిటికీ మించి, ఏడు తరాల లోపల పెళ్ళేమిటి వదినా, పాపం కాదూ! ఆయన నాకు బాబాయ్ వరస!

మార్చిలో వాళ్ళవాళ్ళు వచ్చి, సంబంధం ఖాయమైనట్టు నా చెవికి కమ్మలు పెడతారట. అప్పటికి చట్రానికి ఒక్క నెల డబ్బే మిగిలి ఉంటుంది. ఏం చేయను? త్వరగా రాయి.

అనీపా


మన ఊరు,
ఫిబ్రవరి

అనీపా,

నువ్వింకా వయసులోనే ఉన్నావు. తాలాయ్ పోయి అయిదేళ్ళయింది, నిన్ను కట్టిపడేసే హక్కు మాకు లేదు. మనిషి మంచివాడన్నావు. కోటు కూడా ఉతికావన్నావు. వరస కలవదంటే వాళ్ళ పెద్దలే ఏదో ఒకటి చూసుకుంటారు.

ఉన్ని ఇల్లు నీకు అవసరం లేకపోతే ముందే చెప్పు. సాగిన్ మామ హోటలాయనకి ఇచ్చేస్తాడు. చక్రం మటుకు నా దగ్గరే ఉంటుంది. అది మా నాన్నది.

చలి తగ్గలేదు.

జిపార్


బిష్కెక్,
మార్చి

జిపార్ వదినకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. చక్రం మీ నాన్నది, నిజమే. దాని కింద పదిహేడేళ్ళు పొయ్యి వెలిగించింది నేను. బుద్ధుందా నీకు? కోటు ఉతికినంత మాత్రాన మనిషిని కట్టుకుంటామా? అలాగైతే నువ్వు అల్మాతీలో ఎంతమందిని కట్టుకుని ఉండాలి!

తిట్టేశాను, కడుపు చల్లబడింది. ఇప్పుడు జరిగింది విను.

ఆదివారం సదిర్‌బెక్ తరఫు వాళ్ళు పదిమందికి పైగా వచ్చారు. గొర్రెని కోశారు. వెండి కమ్మలు చిన్న ఎర్ర గుడ్డలో చుట్టి పెద్దమ్మ ఒళ్ళో ఉన్నాయి. నేను గుమ్మం దగ్గర టీ పోస్తున్నాను. ఇవాళ ఎలాగైనా పెద్దమ్మని చాటుకి పిలిచి చెప్పాలి అనుకుంటూనే మూడు గిన్నెలు నింపాను. ఇంకొక్క నెల జీతం వదినా, ఒక్క నెల! నోరు తెరిస్తే ఆ ఇల్లు హోటలాయనదవుతుంది. తెరవకపోతే ఆ కమ్మలు నా చెవికెక్కుతాయి.

ఈలోగా ఒక ముసలాయన బెక్తూర్‌ని ముందుకి పిలిచాడు. "ఏదీ, మగాడివేనా? ఏడుగురు తాతల్ని చెప్పు చూద్దాం. చెప్పలేనివాడు బానిస కింద లెక్క!" అని నవ్వాడు.

వాడు కొత్త టోపీ సర్దుకుని మొదలుపెట్టాడు. ఉలాన్, జుమాష్, ఓస్మోన్, కెరిమ్. ఆగిపోయాడు. అయిదో పేరు దగ్గర వాడు ఎప్పుడూ ఆగిపోతాడు. రోజూ నేర్పేటప్పుడు నేనొక కిటుకు పెట్టాను. మా నాన్న నాకు చెప్పిన కథే వాడికి చెప్పాను. బోరుబాయ్ గుర్రం మీదే నిద్రపోయేవాడట, గుర్రమే ఇంటికి తీసుకొచ్చేదట, ఒకసారి పొరపాటున వేరే ఊరి పెళ్ళికి తీసుకెళితే అక్కడే తిని వచ్చాడట. 'గుర్రం మీద నిద్రపోయినాయన' అంటే చాలు, వాడికి పేరు తన్నుకొచ్చేస్తుంది. ఇది మా ఇద్దరి రహస్యం. ఎందుకంటే బయటివాళ్ళు ఆయన్ని బోరుబాయ్ దొర అంటారు. ఈ వెక్కిరింపు పేరు ఆయన పిల్లల పిల్లలకి తప్ప ఎవరికీ తెలీదు.

వాడు మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. కెరిమ్ దగ్గర మళ్ళీ ఆగాడు. ఒకావిడ కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. వాడి కింది పెదవి వణికింది వదినా. గదంతా వెతికి నన్ను చూశాడు.

ఆ చూపు చూశాక నాకు ఇల్లూ గుర్తులేదు, జీతమూ గుర్తులేదు.

"గుర్రం మీద నిద్రపోయినాయన, నాన్నా" అన్నాను.

"బోరుబాయ్!" అని అరిచాడు వాడు. మిగతా ఇద్దర్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు, సదిర్‌బెక్ తప్ప. ఆయన చేతిలో ఎముక చేతిలోనే ఉండిపోయింది. "ఆ మాట మా నాన్న తప్ప ఇంకెవరూ అనగా వినలేదే. నీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

టీ కూజా కింద పెట్టి నా అసలు తాతల పేర్లు చెప్పాను. మా నాన్న పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏడూ చెప్పాను. నాలుగోది బోరుబాయ్. ఈసారి వెనక ఎవరూ దగ్గలేదు.

సదిర్‌బెక్ ముందు తేరుకున్నాడు. "అంటే నేను నీకు బాబాయ్‌నా?" అన్నాడు. "దేవుడు కాపాడాడు! నా తిండికి ఎవరో ఒకరు అడ్డుపడతారనుకున్నాను గానీ ముత్తాత గుర్రం దిగి వస్తాడనుకోలేదు." ఆ మాటతో గదంతా నవ్వింది. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచింది. అబద్ధం చెప్పినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టింది గానీ దానికి కాదు. "ఆర్నెల్లు! ఆర్నెల్లు మా ఇంటి ఆడపిల్లకి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను! ఊరూ పేరూ లేనిదానిలా! మనవాళ్ళకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పుట్టింటికొచ్చిన పిల్ల చేత గిన్నెలు తోమించానా! ఇవాళ్టి నుంచి జీతం అన్న మాట ఈ ఇంట్లో వినబడకూడదు. నువ్వు ఆడపిల్లవి" అంది.

చూశావా, నువ్వు చెప్పినట్టే అయింది. అక్షరం పొల్లుపోలేదు.

నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు ధైర్యం. బహుశా దాచడానికి ఇంకేం మిగలకపోవడం వల్లేమో. "పెద్దమ్మా, తల్లీపిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరు" అన్నాను. "పుట్టింటికి వచ్చినప్పుడు నేను ఆడపిల్లనే, కాదనను. తెల్లారి లేచి పిల్లల్ని చూసుకునేటప్పుడు ఆయానే. ఆడపిల్లకి పెట్టాల్సింది మీకు తెలుసు, అది మీ మర్యాద. ఆయాకి ఇవ్వాల్సింది మనం మొదటి రోజే మాట్లాడుకున్నాం. రెండూ కలిపేస్తే నేను నష్టపోతాను." ఉన్ని ఇంటి సంగతి కూడా చెప్పేశాను, నువ్వు తిట్టినా సరే.

తలుపు దగ్గర నుంచి మీరిమ్ అంది, "అత్తయ్యా, వదినకి జీతం ఆపితే రేపట్నుంచి నేను బ్యాంకు మానేస్తాను. పిల్లల్ని చూసుకుంటాను, మీకు కూడా వండిపెడతాను." మీరిమ్ వంట ఎలా ఉంటుందో పెద్దమ్మకి తెలుసు.

చివరికి పెద్దమ్మ అంది, "సరే. జీతం అలాగే ఉంటుంది. కానీ శుక్రవారం నువ్వు వంటింట్లో కనబడ్డావంటే కాళ్ళు విరగ్గొడతాను. పుట్టింట్లో ఆడపిల్ల వడ్డించదు, కూర్చుని తింటుంది." గాల్యా మొదటి రోజే నోరు పెట్టి సాధించుకున్నది నాకు ఆరు నెలల తర్వాత ముత్తాత సాధించిపెట్టాడు.

ఈ నెల జీతం పెద్దమ్మ అప్పుడే తెచ్చి చేతిలో పెట్టింది, ఆఖరి కంతు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. సాగిన్ మామ చేతిలో పెట్టి, నా మాట నిలబడిందని చెప్పు.

నీ అనీపా


మన ఊరు,
నోరుజ్ వెళ్ళిన మర్నాడు

అనీపాకి,

చట్రం మన పెరట్లో ఉంది. రాత్రి లేచి వెళ్ళి ఒకసారి తడిమి చూసొచ్చాను, నవ్వితే నవ్వు.

ఆ ఉత్తరం కోపంతో రాసింది కాదు, భయంతో రాసింది. నువ్వు వెళ్ళిపోతే నాకు మిగిలేది ఒక చక్రం, ఒక కుక్క. అంతకన్నా ఇంకేం రాయను, నాకు రాదు.

నిన్న మన గుమ్మం ముందు ఒక లారీ ఆగింది. పెద్ద పొట్ట, నూనె మరకల కోటు. "సదిర్‌బెక్‌ని, అనీపా బాబాయ్‌ని" అన్నాడు. వెనక తెల్ల ఉన్ని చాపలు, ఇల్లు మొత్తం కప్పడానికి సరిపడా! ఉల్కాన్ గారు పంపారట. "పుట్టింటి సారె. ఆడపిల్లని ఉత్త గోడలతో పంపితే చెరిక్ వాళ్ళ పరువేం కావాలి" అని కబురు. నేను ఎవర్ని చూసీ మాట కోసం తడుముకున్నదాన్ని కాదు, ఆ ఉన్ని చూసి తడుముకున్నాను. ఇంత దట్టంగా మా నాన్న ఇంటికి కూడా లేదు.

నేను నీకు నేర్పింది సగమే నిజం. చుట్టరికం జీతాన్ని తినేస్తుందని నేర్పాను. నోరు తెరిచి అడిగితే రెండూ నిలబడతాయని నాకే తెలీదు. నేనెప్పుడూ అడగలేదు కదా, ఇల్లు మారిపోయేదాన్ని, అంతే.

ఆ బాబాయ్ మన ఇంట్లో ఎన్ని బోర్సోక్‌లు తిన్నాడో రాస్తే నమ్మవు. జేబుల్లో కూడా వేసుకున్నాడు.

జిపార్


సోన్-కోల్ సరస్సు పచ్చిక, మన ఇంటి నుంచి,
జూన్

జిపార్ వదినకి,

మన ఇంటి నుంచి అని రాయడం కోసం ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నిన్న ఇల్లు నిలబెట్టాం. చక్రాన్ని పైకెత్తుతుంటే అందరూ అరిచారు, నేను ఏడ్చాను, గుర్రాలు బెదిరాయి.

వేసవికి పిల్లలిద్దర్నీ నాతో పంపారు. జీతం మామూలే. చోల్పోన్ గడ్డిలో నడుస్తోంది, పడితే ఏడవదు, గడ్డి తింటుంది. పెద్దమ్మ వచ్చే వారం వస్తానంది, మోకాళ్ళకి ఈ గాలి మంచిదట. మన ఊరి కాలిమాన్ కూతురు ఆయా పనికి పట్నం వెళుతూ నన్ను అడగడానికి ఇంత దూరం వచ్చింది. జీతం ముందు తేల్చుకో అన్నాను, ఆ తర్వాత నీ తాతల పేర్లే చెప్పు అన్నాను. వేరేవాళ్ళవి చెబితే నిద్ర పట్టదు.

ఇవాళ మధ్యాహ్నం బెక్తూర్ చక్రం కింద వెల్లకిలా పడుకుని ఏడు పేర్లూ అప్పజెప్పాడు, ఒక్కచోట కూడా ఆగలేదు. ఇప్పుడు నన్ను అత్తా అంటున్నాడు.

"అత్తా, ఈ ఏడుగురిలో నీకెంతమంది?"

"పై ముగ్గురూ నాన్నా."

"మరి నువ్వు మావాళ్ళే కదా! నాయనమ్మ నీకు డబ్బులెందుకిస్తుంది?"

"పుట్టింటికి దారి మర్చిపోయాను. దారి ఖర్చులిచ్చి పిలిపించారు" అన్నాను.

వాడు నా వైపు దొర్లాడు. "ఇప్పుడు దారి తెలుసుగా. ఇంకా ఎందుకు తీసుకుంటున్నావ్?" అన్నాడు.

వీడు ఉల్కాన్ పెద్దమ్మ మనవడే వదినా, అనుమానం లేదు! గురువారం బాబాయ్ లారీ వస్తుంది. కుక్కని కూడా ఎక్కించుకుని వచ్చెయ్. వీడికి సమాధానం చెప్పగలిగేదానివి నువ్వొక్కదానివే.

నీ అనీపా